ఆరు స్క్రూల బొమ్మ

డాక్టరుగారు మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. ఒకదాని కింద ఒకటి మూడు పెట్టెలు. అవి నా వెన్నుపూసలు: ఎల్4, ఎల్5, ఎస్1. ఒక్కో పెట్టెకీ అటొకటి ఇటొకటి, మొత్తం ఆరు స్క్రూలు. వాటి తలల్ని కలుపుతూ రెండు కడ్డీలు. పెట్టెల మధ్య సందుల్లో చిన్న చదరాలు గీసి, "ఇవి కేజ్‌లు మేడమ్. డిస్కులు తీసేసి వీటిని పెడతాం. ఏడాది తిరిగేసరికి మూడు ఎముకలూ అతుక్కుని ఒకటైపోతాయి. ఇంక జారడానికి అక్కడ డిస్కే ఉండదు" అన్నారు. పై వారం ఖాళీ ఉందట. ముందురోజు అడ్మిట్ అయితే మర్నాడు పొద్దున్నే చేసేస్తామన్నారు.

అది 2024 జూన్. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి, నోట ఒక్క మాట రాలేదు. ఆరేళ్ళ కిందట ఇదే నడుంకి ఒకసారి ఆపరేషన్ అయింది. "ఇంక మీకీ బాధ ఉండదమ్మా" అని అప్పటి డాక్టరు అన్న మాటని ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకున్నాను. రెండోసారి అనే మాట వినేసరికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. మా ఆయన చీటీ మడిచి ఫైల్లో పెట్టారు. బస్సులో తెనాలి చేరేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మొదటి ఆపరేషన్ సంగతి చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. బడి ఊరికి పద్దెనిమిది కిలోమీటర్లు, స్కూటీ మీద వెళ్ళొచ్చేదాన్ని. 2018 జులైలో ఒక పొద్దున నీళ్ళ బకెట్ ఎత్తబోతే నడుంలో ఏదో తెగినట్టయింది. రెండు రోజులకి నడుం నొప్పి తగ్గి కాలు మొదలైంది. పిర్ర దగ్గర పుట్టి, తొడ వెనకగా దిగి, పిక్క పక్కనుంచి పాదం మీదుగా బొటనవేలి దాకా కరెంటు తీగ లాగినట్టుండేది. తుమ్మితే జివ్వుమనేది, దగ్గితే జివ్వుమనేది. కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చోలేను. ఆరు వారాలు మందులు వాడాను. ఒకరోజు వరండాలో నడుస్తుంటే మా అమ్మాయి "అమ్మా, చెప్పు అక్కడే వదిలేశావేంటి?" అంది. ఎడమ కాలి చెప్పు జారిపోయి నాలుగడుగుల వెనక ఉంది. అది జారిన సంగతి నాకు తెలియలేదు. చూసుకుంటే బొటనవేలు పైకి లేవడం లేదు.

ఆ వారంలోనే ఆపరేషన్ చేశారు. డిస్కులోంచి బయటికొచ్చిన ముక్క ఎడమవైపు ఎల్5 నరాన్ని నొక్కుతోంది. ఆ ముక్క తీసేశారు, అంతే. అంగుళం కోత. మత్తు దిగి కళ్ళు తెరిచాక మొదట చేసిన పని కాలు కదిపి చూసుకోవడం. నొప్పి లేదు. ఆరు వారాలుగా రాత్రీ పగలూ నన్ను కాల్చుకుతిన్నది ఒక్క పూటలో పోయింది. పక్కన నర్సమ్మ ఉందని కూడా చూడకుండా ఏడ్చేశాను. ఆ తర్వాత అయిదేళ్ళు నిజంగానే బాగున్నాను. వేలికి మాత్రం పూర్తి బలం రాలేదు. కొంచెం తక్కువగానే మిగిలిపోయింది.

ఆ పూట జ్ఞాపకం అంత బలమైనది. విజయవాడలో ఆరు స్క్రూల బొమ్మ చూస్తూ కూడా నా మనసులో మెదిలింది ఆ మంచమే. మళ్ళీ అలా కళ్ళు తెరుస్తాను, మళ్ళీ నొప్పి ఉండదు అనుకున్నాను. కాబట్టి మొదటి రాత్రి నేను ఆపరేషన్‌కి దాదాపు ఒప్పేసుకున్నట్టే.

రెండోసారి నొప్పి వచ్చిన తీరు వేరు. ఫలానా రోజు, ఫలానా పని చేస్తుంటే వచ్చిందని చెప్పలేను. 2024 ఏప్రిల్లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను. వీపు ఆనించుకోవడానికి వీల్లేని బల్ల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేపర్లు. స్పాట్ అయ్యాక రోజూ నడుం పట్టేసేది. మే 13న పోలింగ్. ముందురోజు సామగ్రి తీసుకుని, గతుకుల్లో ఎగిరెగిరి పడే బస్సులో ఊరు చేరి, రాత్రి బడి గచ్చు మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాం. తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి యంత్రాలు అప్పజెప్పేదాకా కూర్చున్నచోటే. డ్యూటీ వద్దని అర్జీ పెట్టుకోవచ్చు, ఆపరేషన్ కాగితాలు ఉన్నాయి. ఎప్పుడూ ఏదో ఒక నొప్పి చెప్పే మనిషని పేరు రాకూడదని పెట్టుకోలేదు. ఇప్పటికీ దానికి బాధపడతాను.

ఆ తర్వాత నడుంకి అడ్డంగా చెక్క బిగించినట్టయింది. పొద్దున పళ్ళు తోముకోవడానికి బేసిన్ మీదికి వంగలేను. గంట నిలబడితే నడుం విరిగిపోతుందేమో అనిపిస్తుంది. గంట కూర్చున్నా అంతే. కాలు కూడా లాగేది, కానీ 2018 నాటి కరెంటు కాదు. పిక్కని తడిబట్టలా పిండినట్టు, సాయంత్రమైతే ఎక్కువ. మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే మొదట మోకాళ్ళు, తర్వాత నడుం, తర్వాత భుజాలు, ఒకటొకటిగా తిప్పుకునేదాన్ని.

ఇంట్లో సంగతి తెలిశాక ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మా అత్తయ్యకి ఎనభై దాటాయి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద మూడుసార్లు తన్నించుకుంటే పట్టు వదులుతుందని ఆవిడ నమ్మకం. వాళ్ళ వీధిలో అలాంటి కుర్రాడు ఉన్నాడని పేరుతో సహా చెప్పారు. ఆడపడుచు పుత్తూరు కట్టు గురించి చెప్పింది. అది విరిగిన ఎముకలకి కదా వదినా అంటే, "ఏమో, అన్నిటికీ కడతారంటున్నారు" అంది. స్టాఫ్ రూంలో రెండు పక్షాలు. ఒక మేడమ్ వాళ్ళ అన్నయ్య స్క్రూలు వేయించుకుని ఇప్పుడు పొలం పనులు కూడా చేస్తున్నాడట. ఇంకొకరి పిన్నిగారు మూడు ఆపరేషన్లు చేయించుకుని ఇంకా మంచం మీదే ఉన్నారట. రెండూ నిజాలే అయ్యుంటాయి. రెండింట్లో నాది ఏదో ఎవరు చెప్పాలి?

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి ఫోన్లో అంతా విని ఒకటే అడిగింది. "అమ్మా, ఈ ఆపరేషన్ నీ కాలు నొప్పికా, నడుం నొప్పికా?"

నా దగ్గర జవాబు లేదు. "రెంటికీ అనుకుంటానమ్మా" అన్నాను. "ఆయన అలా చెప్పారా, నువ్వు అనుకుంటున్నావా?" అంది. నేను అనుకుంటున్నాను. ఆయన ఆ మాట చెప్పలేదు, నేను అడగలేదు. ఎంఆర్‌ఐ రిపోర్టులో 'రికరెంట్ డిస్క్ హెర్నియేషన్' అని, అంటే డిస్కు మళ్ళీ జారిందని ఉంది, డిస్కులు అరిగాయని ఉంది, బొమ్మ ఉంది. దేన్ని బాగుచేయబోతున్నారన్నది మాత్రం ఎక్కడా లేదు. పిల్లలకి పాతికేళ్ళుగా చెబుతున్నాను, ఏం కనుక్కోవాలో తెలియకుండా లెక్క మొదలుపెట్టకండని. నా విషయంలో నేను ఆ పని చేయలేదు.

పై వారం తేదీ వదులుకున్నాం. నడుం నొప్పి ఉన్నా కాళ్ళలో బలం తగ్గనప్పుడు, మూత్రం దగ్గర ఇబ్బంది లేనప్పుడు కొన్ని వారాలు ఆగి ఆలోచించుకుంటే ప్రమాదం లేదని తర్వాత ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చెప్పారు. అప్పుడు మాత్రం ఆ తేదీ వదులుకుంటే ఏమైపోతుందోనని రాత్రంతా నిద్రపట్టలేదు.

గుంటూరులో నొప్పుల స్పెషలిస్టు ఒకావిడ ఉన్నారని తెలిసి వెళ్ళాం. ఆవిడ పాత కాగితాలన్నీ చదివి, "ఒకసారి ఆపరేషన్ అయిన నడుంకి మామూలు ఎంఆర్‌ఐ చాలదమ్మా" అన్నారు. పాత గాయం మానేటప్పుడు నరం చుట్టూ లోపల మచ్చ కడుతుంది. మామూలు ఎంఆర్‌ఐలో ఆ మచ్చా, కొత్తగా జారిన డిస్కు ముక్కా ఒకలాగే కనిపించవచ్చు. చేతి నరానికి గాడోలినియం అనే మందు ఎక్కించి తీస్తే రక్తప్రసారం ఉన్న మచ్చ మెరుస్తుంది, డిస్కు ముక్క మెరవదు. మూత్రపిండాలు బాగున్నాయో లేదో ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి, అప్పుడు ఆ ఎంఆర్‌ఐ తీయించారు. నిలబడి ముందుకి వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రేలు కూడా తీయించారు. వంగినప్పుడు పూసలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయేమో చూడ్డానికట.

నరం చుట్టూ ఉన్నదంతా దాదాపు మచ్చే. కొత్త ముక్క ఒకటి ఉంది గానీ చిన్నది, నరాన్ని గట్టిగా నొక్కడం లేదు. పూసలు జారడం లేదు. నేను సంతోషపడాలో వద్దో తెలియలేదు. చిన్నదైతే మరి ఇంత నొప్పేమిటి? జబ్బు పెద్దది కాదంటే నా నొప్పిని నమ్మడం లేదేమోనని మనసు చివుక్కుమంది. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడే రాస్తున్నాను.

జులైలో ఆవిడ సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషను కింద చూస్తూ ఎల్5 నరం పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సూది దిగుతున్నప్పుడు అచ్చం 2018 నాటి తీగ ఒక్క క్షణం కాల్లో పరుగెత్తింది. ఆ తర్వాత ఆరు వారాలు కాలి నొప్పి సగానికి సగం తగ్గింది. నడుం నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు. ఆవిడ దాన్ని నిరాశగా తీసుకోలేదు. "మనకి ఒక సంగతి తెలిసింది. కాలు ఆ నరం వల్ల. నడుం దానివల్ల కాదు" అన్నారు. మా అమ్మాయి ప్రశ్నకి సగం జవాబు అక్కడ దొరికింది.

అయినా మనసుని ఒప్పించుకోలేకపోయాను. మా అమ్మమ్మ కాలం నుంచీ మా ఇళ్ళల్లో ఏ జబ్బయినా తేలకపోతే చివరి మాట "ఇక వెల్లూరే". సెప్టెంబరులో బయల్దేరాం. తెనాలిలో రాత్రి శేషాద్రి ఎక్కితే పొద్దునకి కాట్పాడి. లోయర్ బెర్త్ దొరకలేదు, టీసీ గారు నా నడక చూసి ఒక కుర్రాడిని అడిగి మార్పించారు. కాట్పాడిలో దిగితే ఆటో అతను తెలుగులోనే పలకరించాడు. చిత్తూరు పక్కనే కదా. లాడ్జి గదిలో గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు ఇచ్చారు. పక్క గదిలో బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం, సాయంత్రమైతే ఆవనూనె వాసన. ఆ గదిలో ముసలాయన మూడు నెలలుగా ఉంటున్నారట. ఆయన భార్యకీ నాకూ ఒకరి మాట ఒకరికి రాదు. అయినా నేను వంగలేనని చూసి, ప్రతి పొద్దునా నా నీళ్ళ బాటిళ్ళు కూడా ఆవిడే నింపి గుమ్మంలో పెట్టేది.

అక్కడి డాక్టరుగారు నన్ను మొదట మడమల మీద నడవమన్నారు, తర్వాత మునివేళ్ళ మీద. వెల్లకిలా పడుకోబెట్టి కాలు మోకాలు వంచకుండా ఎత్తి చూశారు. బొటనవేలి మీద ఆయన వేలు పెట్టి "నెట్టమ్మా, పైకి నెట్టు" అన్నారు. బలాన్ని అయిదుకి లెక్కవేస్తారట, నాది నాలుగు. ఆరేళ్ళుగా నాలుగే ఉందని పాత కాగితాలతో పోల్చి చూసుకున్నారు. ఆ తర్వాత ఫిల్ములు చూశారు. అంతకుముందు నేను వెళ్ళిన చోట్ల ముందు ఫిల్ములు చూసేవారు, తర్వాత నన్ను.

నేను చీటీ వెనక బొమ్మ తీసి చూపించి, మా అమ్మాయి ప్రశ్నే అడిగాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పారు. "అప్పుడు మీ నరం మీద ముక్క ఉండె. ముక్క తీస్తే కాలు నొప్పి పాయె. అది సరైన ఆపరేషన్. ఇప్పుడు తీసేదానికి పెద్ద ముక్క లేదు. జారే పూస లేదు. నడుం నొప్పి కోసం స్క్రూలు వేస్తే తగ్గచ్చు, తగ్గకపోవచ్చు. సగం సగం." పాత మచ్చల మధ్య నుంచి మళ్ళీ దారి చేసుకుంటూ వెళ్ళాలి కాబట్టి నరాల మీది పొర చిరిగే అవకాశం మొదటిసారి కన్నా ఎక్కువని, మూడు పూసలు కదలకుండా అతికిస్తే వాటి పైన ఉన్న డిస్కు మీద ఆ భారమంతా పడుతుందని, కొంతమందికి కొన్నేళ్ళకి అది కూడా అరిగి మూడో ఆపరేషన్ దాకా వెళ్తుందని చెప్పారు.

సగం సగం అనేది ఊరికే అన్న మాట కాదు. నాలాంటివాళ్ళ మీదే, అంటే ఒకసారి డిస్కు ఆపరేషన్ అయ్యి మళ్ళీ నడుం నొప్పి పట్టుకున్నవాళ్ళ మీద, నార్వేలో చేసిన పరిశీలన ఒకటి 2006లో అచ్చయింది. 60 మందిని చీట్లు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి స్క్రూలతో ఫ్యూజన్, అంటే పూసల్ని అతికించే ఆపరేషన్. రెండో జట్టుకి వారాల తరబడి దగ్గరుండి చేయించిన వ్యాయామం, నొప్పి అంటే భయం పోగొట్టే పాఠాలు. రోజువారీ పనులకి ఎంత ఇబ్బంది ఉందో వందకి లెక్కగట్టే కొలత ఒకటుంది, ఆస్వెస్ట్రీ స్కోరంటారు. ఏడాదికి ఆపరేషన్ జట్టు సగటు 47 నుంచి 38కి దిగింది. వ్యాయామం జట్టు 45 నుంచి 32కి. రెండు జట్లలోనూ సుమారు సగం మందికే బాగైంది. డాక్టరుగారు ఈ అంకెలు చెబుతుంటే లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. ఆయన వెంటనే ఒక మాట కలిపారు. అది రోజుకి పది నిమిషాలు ఇంట్లో కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామం కాదు, ఉద్యోగంలా చేయాలి అని. చిన్న పరిశీలన అని కూడా ఆయనే చెప్పారు.

ఆ స్కోరు ఫారం నేనూ నింపాను. పది విభాగాలు: నొప్పి ఎంత, సొంత పనులు, బరువు ఎత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్యం, నలుగురిలో తిరగడం, ప్రయాణం. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు. దాంపత్యం దగ్గర కలం ఆగిపోయింది. ఖాళీగా వదిలేశాను. ఫారం చూసే అమ్మాయి ఏమీ అనకుండా యాభైకి బదులు నలభై అయిదుతో భాగించుకుంది. 45కి 20, అంటే వందకి 44. ఆ రాత్రి లాడ్జిలో మా ఆయనతో ఆ ఖాళీ గురించి మాట్లాడాను. మే నెల నుంచి మేమిద్దరం మాట్లాడుకోని సంగతి అది. నన్ను తాకితే ఎక్కడ నొప్పెడుతుందోనని ఆయనకి భయం. ఆయన దూరం జరుగుతుంటే ఇంక నేను ఎందుకూ పనికిరానేమోనని నాకు దిగులు. ఇద్దరివీ తప్పు లెక్కలే. నడుం నొప్పి ఉన్న ఇళ్ళల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు, ఎత్తాలి.

ఇంకో అంకె కూడా డాక్టరుగారు చెప్పిందే, నా మనసుని చాలా కుదుటపరిచింది. ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసిన స్కానులు చాలా పోగుచేసి 2015లో లెక్కవేశారట. యాభై ఏళ్ళ వయసువాళ్ళలో నూటికి ఎనభై మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, అరవై మందికి ఉబ్బి ఉన్నాయి. వాళ్ళెవరికీ నొప్పి లేదు. నాకప్పుడు నలభై ఎనిమిది. రిపోర్టులో అరుగుదల అనే మాట చూసి నా నడుం కుళ్ళిపోతున్న దూలంలా ఊహించుకుని, అడుగు తీసి అడుగు వేయడానికి భయపడ్డాను. మరి నా నొప్పి ఉత్తిదా అని అడిగేశాను. "నొప్పి నిజం. ఫొటోలో కనపడదు, అంతే" అన్నారు. నెలలు దాటిన నొప్పిలో నరాల వ్యవస్థ చిన్న కదలికకి కూడా పెద్దగా కేకలు వేయడం నేర్చుకుంటుందని, దాన్ని మెల్లగా మళ్ళీ అలవాటు చేయాలని చెప్పారు. ఆ ఒక్క మాటతో గుంటూరులో గుచ్చుకున్న ముల్లు ఊడింది.

ఆపరేషన్ అసలు వద్దని ఆయన అనలేదు. ఎప్పుడు చేయాలో చీటీ మీద రాసిచ్చారు. వేలి బలం నాలుగు నుంచి మూడుకి పడితే, మడమల మీద నడవలేకపోతే, కాలి నొప్పి మళ్ళీ ముందులా తీగలాగి మందులకి లొంగకపోతే వెంటనే రావాలి. అప్పుడు చేసేది బహుశా చిన్న ఆపరేషనే, నరాన్ని విడిపించడం వరకు. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా ఇంక వెల్లూరు రైలు కోసం చూడొద్దు, గంటల్లో దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి పోవాలి అని ఎర్ర ఇంకుతో గీత గీశారు. ఆ చీటీ ఫొటో మా ముగ్గురి ఫోన్లలో ఉంది.

తిరిగొచ్చాక గడిపిన నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, రోజూ అదే పని. అక్కడ రెండు వారాలు ఉండి ఫిజియో దగ్గర నేర్చుకున్నవి ఇంట్లో పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై. నడక మొదట ఎనిమిది నిమిషాలు. నొప్పి వచ్చినా రాకపోయినా ఎనిమిదే, బాగుంది కదా అని తొమ్మిది కాదు. వారానికి ఒక నిమిషం పెంచాలి. ఈ నియమం నాకు అన్నిటికంటే కష్టమైంది. బాగున్న రోజు ఇల్లంతా దులిపి, మర్నాటి నుంచి మూడు రోజులు పడుకోవడం నా పాత అలవాటు. రాత్రి నరాల నొప్పికి ప్రీగాబలిన్ అనే మందు 75 మిల్లీగ్రాములు. మొదటి నెల మొదటి పీరియడ్‌లో కళ్ళు మూతపడేవి. బోర్డు మీద సమీకరణం రాస్తూ తర్వాతి మెట్టు గుర్తురాక అలా నిలబడిపోయాను. పదో తరగతి పిల్లలు నవ్వలేదు. ముందు బెంచీలో పిల్ల లేచి తర్వాతి మెట్టు చెప్పింది. తర్వాత డాక్టరుని అడిగి వేసుకునే వేళ రాత్రి ఎనిమిదికి మార్చుకున్నాను. ఆ మందుని ఒక్కసారిగా ఆపకూడదు, తగ్గించుకుంటూ రావాలి.

బడికి స్కూటీ మానేసి బస్సులో వెళ్తున్నాను. పేపర్లు వంటింటి గట్టు మీద పెట్టుకుని నిలబడి దిద్దుతున్నాను. ఇరవై నిమిషాలకోసారి అటూ ఇటూ నడుస్తాను. గ్యాస్ బండ, బియ్యం బస్తా నా పనులు కావు. ఫంక్షన్లలో కింద కూర్చోను. మొదట్లో సంజాయిషీ చెప్పుకునేదాన్ని, ఇప్పుడు కుర్చీ అడిగి వేయించుకుంటాను.

ఒక్క రాత్రి మాత్రం చాలా భయపడ్డాను. నవంబరు 15, కార్తీక పౌర్ణమి. 365 వత్తులు వెలిగించడానికి గుళ్ళో కింద కూర్చున్నాను. కూర్చోకూడదని తెలుసు. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదు, మనసొప్పలేదు. లేవబోతే నడుం లేవలేదు. ఇద్దరు పట్టుకుని లేపారు. రాత్రి పన్నెండింటికి కాలంతా తిమ్మిరెక్కి, పాదం నాది కాదేమో అనిపించింది. మా ఆయన లైటు వేసి బొటనవేలి మీద వేలు పెట్టారు. "నెట్టు" అన్నారు. నెట్టాను. "ఇంకా" అన్నారు. నాలుగే ఉంది. మంచం దిగి గోడ పట్టుకుని మడమల మీద హాలు చివరిదాకా నడిచాను. బాత్రూంకి వెళ్ళొచ్చాను, అక్కడా ఇబ్బంది లేదు. అప్పుడు కూర్చుని ఇద్దరం కాఫీ తాగాం. పొద్దున గుంటూరు వెళ్తే ఆవిడ అన్నీ చూసి, ఇది కొత్త జారుడు కాదు, పట్టు తిరగబెట్టింది, రెండు రోజులు తగ్గించుకుని మళ్ళీ నడక మొదలుపెట్టమన్నారు. ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు ఆరు స్క్రూల బొమ్మ తీసి చూసుకున్నానో! వేయించేసుకుంటే పోయేదేమో అనుకున్నాను. ఆ ఆలోచన పూర్తిగా పోయిందంటే అబద్ధం చెప్పినట్టే. నొప్పి పెరిగిన ప్రతిసారీ వస్తుంది.

2025 మార్చిలో మళ్ళీ వెల్లూరు వెళ్తే స్కోరు వందకి 28 వచ్చింది. ఈసారి యాభైతో భాగించారు. నడుం నొప్పి పోలేదు. ఉంది, ప్రతిరోజూ ఉంది. పదికి ఏడుండేది నాలుగుకి వచ్చింది. చెడ్డ రోజు ఆరు. నడక ముప్ఫై అయిదు నిమిషాలు. విజయవాడ డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. ఆయన తనకి తెలిసిన పని చేస్తానన్నారు, నేను ఏం కావాలో అడగలేదు. స్క్రూలు వేయించుకుని బాగుపడ్డ ఆ మేడమ్ వాళ్ళ అన్నయ్య గురించి తర్వాత కనుక్కున్నాను. ఆయనకి వంగినప్పుడల్లా పూస ముందుకి జారేదట. ఆయనకి ఆ ఆపరేషనే కావాలి. నాది ఆ జబ్బు కాదు, పేరొక్కటే ఒకటి: నడుం నొప్పి.

ఇది రాస్తున్నది డిసెంబరులో. పొద్దున మా ఆయన పాల ప్యాకెట్లు తెచ్చి గట్టు మీద పెట్టి, మంచం దగ్గరికొచ్చి బొటనవేలి మీద వేలు పెట్టి "నెట్టు" అంటారు. నెడతాను. క్యాలెండరులో ఆ తేదీ కింద నాలుగు అని రాస్తారు. ఇప్పటికి క్యాలెండరు నిండా నాలుగులే. జనవరిలో మళ్ళీ చూపించుకోవాలి. సంక్రాంతి రద్దీ ఉంటుందని టికెట్లు ముందే చేయించాం. ఈసారి నాకు లోయర్ బెర్తే వచ్చింది.